వేపచెట్టు కింద గంటకు నలభై

వేణుగోపాలపట్నం వాహన వేగ ధ్రువీకరణ కార్యాలయం వారు సీలు వేసిన మీటరు తప్పు చూపదు. ఇది వాళ్ళ నమ్మకం కాదు, నిబంధన. పదిహేనేళ్ళు దాటిన ప్రతి కారుకీ స్పీడు మీటరు పరీక్షించి, వెనక సీసం ముద్ర వేసి, "ఈ మీటరు సత్యము" అని నీలం కాగితం ఇచ్చే పథకం ఒకటి పోయిన ఏడాది మొదలైంది. పథకం పేరు వేగసత్యం. మొదలైన రోజున ఊరేగింపు కూడా తీశారు. ఊరేగింపులో కార్లన్నీ గంటకు అయిదు మీదే నడిచాయని ఆ కార్ల మీటర్లే సాక్ష్యం చెప్పాయి.

వైజయంతికి ఈ సంగతులేవీ తెలియవు. ఆమెకు పెళ్ళయి అప్పటికి ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో ఆమె తెలుసుకున్న విషయాలు వేరు. ఫణీంద్ర కాఫీ తాగేముందు గ్లాసును ఒకసారి చెవి దగ్గర పెట్టుకుంటాడు, ఎందుకో అతనికే తెలియదు. నవ్వాపుకోవలసి వస్తే ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది. ఇలాంటివి ఇంకా చాలా ఉంటాయని ఆమెకు గట్టి అనుమానం. తెలుసుకోవడానికే చోటు లేదు. అత్తగారిల్లు మూడు గదులు, పెళ్ళికొచ్చిన చుట్టాల్లో పదకొండు మంది ఇంకా కదల్లేదు. పెరట్లో నిలబడి రెండు మాటలు చెప్పుకుందామంటే, ఏ వేళకు వెళ్ళినా అక్కడ పెదనాన్నగారు పళ్ళు తోముకుంటూ ఉండేవారు.

అందుకని ఆ ఇద్దరికీ మిగిలిన ఏకాంతమల్లా కారు. అది వైజయంతి మేనమామ చిట్టి మామయ్య పెళ్ళి కానుకగా ఇచ్చిన పాత తెల్ల కారు. హారను ఒకసారి నొక్కితే రెండుసార్లు మోగుతుంది. ఆమెకు అది కూడా ముద్దుగానే ఉండేది.

ఫణీంద్ర ఏజెన్సీలో ఒక బడిలో పంతులు. సెలవు ఆదివారంతో సరి. సోమవారం పొద్దున్నే బస్సెక్కాలి. అక్కడ క్వార్టరు ఖాళీ కావడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలలూ వైజయంతి ఇక్కడ, పదకొండు మందితో. పెళ్ళిలో ఏడడుగులూ అయ్యాక, ఎనిమిదో అడుగు వేస్తూ అతను ఆమె చెవిలో ఒక మాట చెప్పాడు: "నా సెలవు అయ్యేలోగా నీకు సముద్రం చూపిస్తాను." సముద్రం ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లు. పల్నాటి మెట్టలో పుట్టిన వైజయంతి ఇరవై నాలుగేళ్ళలో సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

మంగళవారం పొద్దున్న బయలుదేరదామని ఇద్దరూ కార్లో కూర్చున్నారు. తాళం ఇంకా తిప్పలేదు. స్పీడు మీటరు ముల్లు నలభై దగ్గర ఉంది.

"ఏవండీ, మనం వెళ్తున్నామా?" అంది వైజయంతి.

"లేదే."

"నలభైలో వెళ్తున్నాం. ఇల్లు కూడా మనతోనే వస్తున్నట్టుంది."

అతని ఎడమ కనుబొమ్మ లేచింది. వీధి చివర మస్తాన్ షెడ్డు. నాలుగడుగులే కదాని అక్కడికి తీసుకెళ్ళారు.

మస్తాన్ డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టాడు. కారును కొంచెం దూరం నడిపి చూశాడు. "నలభై దాటాక బాగానే తిరుగుతోందమ్మా. పైకి పోతోంది, కిందికే రావట్లా. లోపల ఏందో అడ్డం పడింది," అన్నాడు.

వైజయంతి ఫోను లైటు వేసి మీటరు అద్దానికి మొహం ఆనించింది. అద్దం మూల చిన్న పెచ్చు లేచి ఉంది. లోపల, సరిగ్గా నలభై అంకె కింద, ముల్లు ఆనుకుని ఒక పసుపుపచ్చ గింజ.

"అక్షింత!" అంది సంబరంగా. "అప్పగింతలప్పుడు మా మేనత్త కిటికీలోంచి దోసిళ్ళతో పోసింది చూడండి, అందులోదే! దార్లో గతుక్కి జారి లోపల పడుంటుంది."

"ఈ పెచ్చులోంచి సన్నటి పిన్ను పోనిస్తే రెండు నిమిషాల పని," అన్నాడు మస్తాన్. "కానీ నేను పెట్టనమ్మా. సీలేసిన మీటరు. నేను దీన్ని ముట్టుకుంటే వాళ్ళొచ్చి నా షెడ్డుకి సీలేస్తారు."

"మేం పెడితే?"

"మీ సార్ గవర్నమెంటు పంతులుగారు కదమ్మా. ఉద్యోగం మీదికొస్తది," అన్నాడు మస్తాన్.

ఫణీంద్ర వాచీ చూసుకున్నాడు. "దార్లోనే కదా ఆఫీసు. ఒక్క మాట అడిగి తీసేద్దాం. అయిదు నిమిషాలు."

పొరపాటు అక్కడే జరిగింది. అడిగారు.

వేగాధికారి కోదండపాణిగారు స్వయంగా వరండాలోకి వచ్చారు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క మీటరునూ అనుమానించినవారు కారు. ఏదో ఒక నిబంధన కింద ఆయన ఆపేసిన కార్లు ఆవరణ గోడవార వరసగా ఉన్నాయి. ఆవరణలో వేపచెట్టు కింద ఆగిన కారును పది అడుగుల దూరం నుంచే మెడ సాచి చూశారు. మీటరు చూశారు. గబుక్కున రెండడుగులు వెనక్కి వేశారు.

"వాహనమును నిలుపుదల చేయవలసినదిగా కోరడమైనది!"

"ఆగే ఉందండీ," అంటూ ఫణీంద్ర తలుపు తీశాడు.

"దిగవద్దు! నడుచుచున్న వాహనము నుండి దిగుట శిక్షార్హము!"

"చక్రాలు తిరగట్లేదు కదండీ."

"చక్రములకు సీలు ఉన్నదా?"

"లేదండీ."

"మీటరుకు ఉన్నది. సీలు ఉన్నదానిని నమ్మి, లేనిదానిని నమ్మకుండుటనే పరిపాలన అందురు," అని కోదండపాణిగారు చేతిలోని పుస్తకం తెరిచారు. "నాలుగవ నిబంధన. నిలిచి యున్న వాహనము అనగా సీలు గల మీటరు నందు సున్నా చూపు వాహనము. మీది నలభై చూపుచున్నది. కావున మీరు ప్రస్తుతము ఈ ఆవరణలో గంటకు నలభై కిలోమీటర్ల వేగమున సంచరించుచున్నారు. ఇచ్చట పది మాత్రమే అనుమతి."

వైజయంతి కిటికీలోంచి తల బయట పెట్టింది. "సార్, లోపల ఒక అక్షింత అడ్డు పడిందండీ. మీరు ఊఁ అంటే పిన్నుతో తీసేస్తాం."

"నడుచుచున్న వాహనపు మీటరులో పిన్ను పెట్టుటయా?" ఆయన నిజంగానే భయపడ్డారు. "అమ్మా, మీకు కొత్తగా వివాహమైనట్లున్నది. ప్రాణముల మీద తీపి ఉండవలెను."

లోపం ఏమిటో నిర్ధారణ అయ్యేదాకా కారు గేటు దాటకూడదన్నారు. నిర్ధారణ చెయ్యాలంటే కారు ఆగాలి. ఆగిందో లేదో చెప్పవలసింది మీటరు. ఈలోగా కారు ఆవరణలోనే సంచరించవచ్చు. అయితే డ్రైవరు లేకుండా కారు నడవడం మహా నేరం గనక, పది నుంచి అయిదు దాకా ఫణీంద్ర బెల్టు పెట్టుకుని, చేతులు స్టీరింగు మీద ఉంచి కూర్చోవాలి. అయిదు తర్వాత జరిగే ప్రమాదాలకు కార్యాలయం బాధ్యత వహించదు కాబట్టి, అప్పుడు డ్రైవరు లేకపోయినా ఫరవాలేదు.

"పక్క సీట్లో నేను కూర్చోవచ్చా సార్?" అని అడిగింది వైజయంతి.

కోదండపాణిగారు పుస్తకం తిరగేశారు. "ప్రయాణికురాలి హోదాలో అభ్యంతరము లేదు."

గేటు దగ్గర కాపలా ఉండే కోటయ్యకు కొత్త పని పడింది. గంటకోసారి వచ్చి మీటరు చూసి, రిజిస్టర్లో వేగం రాయాలి. రాత్రి గంటలు కూడా వదలకూడదు.

"నలభయ్యేనా అమ్మా?"

"నలభయ్యే బాబాయ్."

"మజ్జాన్నం కూడా తగ్గలా," అనుకుంటూ రాసుకునేవాడు. కోటయ్య నిబంధనలు నమ్మేవాడు కాదు గానీ, పై అధికారి కిటికీలోంచి చూస్తుంటాడని నమ్మేవాడు. అందుకని ఎవరైనా వేపచెట్టు వైపు వస్తే, "జరగండి జరగండి, బండొస్తంది!" అని కేకేసేవాడు. కారు కింద పడుకునే కుక్కను మాత్రం రోజుకు పదిసార్లు తరిమేవాడు. "నలభైలో పోయే బండి కిందా నీకు నిద్ర? చస్తావే!" ఫైళ్ళు మోసే గుమాస్తాలు కారు ముందు నుంచి దాటేటప్పుడు అటూ ఇటూ చూసి, పరిగెత్తడం అలవాటు చేసుకున్నారు. బుధవారానికల్లా ఒకాయన చెయ్యెత్తి కారును ఆగమని సైగ చేసి, దాటాక ఫణీంద్రకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇక కారులో ఏం జరుగుతోందో కోటయ్య రిజిస్టరులో లేదు. పదకొండు మంది చుట్టాలు లేని చోట, తలుపులు మూసుకుని, ఇద్దరే. పొద్దున్నే అత్తగారు టిఫిన్ క్యారేజీ కట్టి ఇచ్చేవారు. చేతులు స్టీరింగు మీదే ఉండాలి గనక ఫణీంద్రకు ఇడ్లీ వైజయంతే తినిపించవలసి వచ్చింది. నిబంధన మరి. అతనికి బల్లి అంటే భయమని బుధవారం తెలిసింది. ఆమె ఫిజిక్సు పరీక్షకు ముందు రోజు తప్పకుండా గోళ్ళకు గోరింటాకు పెట్టుకునేదని గురువారం తెలిసింది. అద్దం మీద వేపపూలు రాలుతుంటే అతను వైపరు వేసి తుడవబోయాడు. ఆమె వద్దంది.

"ఎంత దూరం వచ్చామండీ?" అని మధ్య మధ్య అడిగేది.

"ఇంకో చెట్టు దాటలేదు," అనేవాడు.

కానీ గురువారం సాయంత్రం టిఫిన్ క్యారేజీ గిన్నెలు సర్దుతూ ఆమె వేళ్ళు మడిచింది. శుక్రవారం, శనివారం, ఆదివారం. మూడు వేళ్ళు. నాలుగో వేలు బస్సు.

"ఏవండీ, సముద్రమో?"

ఫణీంద్ర చేతులు స్టీరింగు మీద నుంచి తీశాడు. అప్పటికి అయిదు దాటింది. "రేపు నిర్ధారణ సంఘం వస్తుందట కదా. తేలిపోతుంది," అన్నాడు. అతని గొంతులో సగం కూడా నమ్మకం లేదు.

శుక్రవారం లోప నిర్ధారణ సంఘం నిజంగానే వచ్చింది. సంఘమంటే కోదండపాణిగారు, ఆయన కింద ఇద్దరు. నడుస్తున్న వాహనాన్ని నిలబడి పరీక్షించడం సిబ్బంది భద్రతకు విరుద్ధం. నడుస్తున్న మరో వాహనంలోంచి, అదే వేగంతో పోతూ పరీక్షించాలి. అందుకని ఆఫీసు జీపు తీశారు. డ్రైవరు ఆవరణలో గుండ్రంగా నలభై మీద తిప్పడం మొదలుపెట్టాడు. వేపచెట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా కోదండపాణిగారు ఒక ప్రశ్న వేసేవారు.

"మీ పేరు!" జీపు పోయింది. తిరిగొచ్చింది.

"వైజయంతి!" జీపు పోయింది.

"లోపము ఎప్పుడు గమనించిరి!"

"మంగళవారం!"

"కారణమేమని మీ అభిప్రాయము!"

"బియ్యపు గింజ!"

ఈసారి జీపు రావడం కొంచెం ఆలస్యమైంది. సంఘ సభ్యుల్లో ఒకరు వరండా దగ్గర దిగి తల పట్టుకుని కూర్చున్నారు.

"బియ్యము మా శాఖ పరిధి కాదు!" అని అరిచారు కోదండపాణిగారు, జీపు చువ్వ పట్టుకుని. ఇంకో చుట్టు తిరిగొచ్చి, "పౌర సరఫరాల వారిని సంప్రదించగలరు!" అని ముగించారు.

పదిహేడు చుట్లయ్యాక జీపు ఆగింది. సున్నా చూపింది కాబట్టి ఆగినట్టే. ముగ్గురూ కాసేపు గోడ పట్టుకుని నిలబడి, నిమ్మకాయ నీళ్ళు తాగి, నివేదిక రాశారు. అచ్చు ఫారంలో లోపం ఎక్కడుందో టిక్కు పెట్టడానికి నాలుగు గళ్ళున్నాయి: డ్రైవరు, ఇంజను, వాతావరణము, నేల. మీటరుకు గడి లేదు. అది సత్యము గనక అక్కర్లేకపోయింది. కోదండపాణిగారు వరండా మెట్టు మీద నిలబడి చదివారు.

"సీలు గల జీపు మీటరు నలభై చూపెను. సీలు గల కారు మీటరు నలభై చూపెను. రెండును ఒకే వేగమున పోవుచుండగా, జీపు కారును పదిహేడు మారులు దాటెను. డ్రైవరు మెలకువగా నుండెను. ఇంజను చల్లగా నుండెను. వాతావరణము అనుకూలము. కావున లోపము కారు కింది నేల యందు కలదని ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది. నేల రెవెన్యూ శాఖది. వారికి లేఖ వ్రాయబడును. నలభై అయిదు దినములలో ప్రత్యుత్తరము రాగలదు."

"సార్, ఆయన సోమవారం వెళ్ళిపోతారండీ," అంది వైజయంతి.

"వెళ్ళవచ్చును. వాహనము ఉండవలెను. వేరొక డ్రైవరును కూర్చుండబెట్టుడు."

పెళ్ళయ్యాక మొదటిసారి ఆమెకు నవ్వు రాలేదు. సీటులో వెనక్కి వాలి, అద్దం మీద పూలు చూస్తూ కూర్చుంది. అప్పుడే కోటయ్య అయిదు గంటల వేగం రాయడానికి వచ్చాడు. రాసి, రిజిస్టరు కారు బానెట్ మీద పెట్టి, చొక్కా జేబులో చుట్ట వెతుక్కుంటున్నాడు. రిజిస్టరు తెరిచే ఉంది. పేజీ నిండా వరసగా నలభై, నలభై, నలభై. ప్రతి గీతకూ ఆఫీసు ముద్ర. ప్రతి ముద్ర పక్కన కోదండపాణిగారి పొట్టి సంతకం.

వైజయంతి నిటారుగా కూర్చుంది.

"ఏవండీ, మీ దగ్గర తెల్ల కాగితం ఉందా?"

శనివారం పది గంటలకు ఆమె అర్జీ పట్టుకుని కోదండపాణిగారి గదిలోకి వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివారు.

"అయ్యా, మా కారు మంగళవారము పది గంటల నుండి నేటి పది గంటల వరకు, అనగా తొంభై ఆరు గంటలు, ఎడతెరిపి లేకుండా గంటకు నలభై కిలోమీటర్ల వేగమున నడిచినట్లు తమ కార్యాలయపు రిజిస్టరు ధ్రువపరచుచున్నది. కావున అది ఇప్పటికి మూడు వేల ఎనిమిది వందల నలభై కిలోమీటర్లు పోయి యున్నది. తమ ఆవరణ పొడవు రెండు వందల అడుగులు. కావున మా కారు తమ ఆవరణలో లేదు. లేదని ధ్రువపత్రము ఇప్పించ ప్రార్థన."

ఆయన అర్జీని తిప్పి వెనక వైపు కూడా చూశారు.

"ఇది మీ వాదనయా?" అన్నారాయన చివరికి.

"వాదన కాదండీ, గుణకారం."

కోదండపాణిగారు కాలిక్యులేటరు తీశారు. ఒకసారి కొట్టారు. మళ్ళీ కొట్టారు. మూడోసారి గుమాస్తా చేత కొట్టించారు. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. వేపచెట్టు కింద తెల్ల కారు ఉంది. అందులో ఫణీంద్ర బెల్టు పెట్టుకుని స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. ఆయన్ను చూసి మర్యాదగా తల వంచాడు.

"కనబడుచున్నదే," అన్నారు కోదండపాణిగారు, చాలా మెల్లగా.

"కంటికి సీలుందాండీ?" అంది వైజయంతి, అంతకంటే మెల్లగా.

ఆయన కిటికీ తెర లాగేశారు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కోపం వస్తుందేమోనని ఆమె భయపడింది గానీ, ఆయన కళ్ళు చెమర్చాయి.

"అమ్మా, ఈ కుర్చీలో కూర్చుండగా అందరును నిబంధన తప్పనియే నాతో వాదించిరి. కడదాక నమ్మినవారు మీరొక్కరే." అని తన చేత్తోనే ధ్రువపత్రం రాసి, సీలు వేశారు. ఇస్తూ ఇస్తూ ఆగారు. "ఈపాటికి ఎచ్చట ఉండవచ్చును?"

"ఏ దిక్కుకు వెళ్ళిందో మీటరు చెప్పదు కదండీ."

"నిజము. క్షేమముగా నుండును గాక," అన్నారు కోదండపాణిగారు.

గేటు దగ్గర కోటయ్య ధ్రువపత్రం రెండుసార్లు చదువుకున్నాడు. కారు చూశాడు. కార్లో ఇద్దర్నీ చూశాడు.

"గేటు పాసు కావాలా బాబాయ్?" అని అడిగాడు ఫణీంద్ర.

"పోయే బండికైతే పాసు రాయాల. ఇదెప్పుడో పోయిందంటగా. లేని బండికి పాసేంది సార్?" అని గేటు బార్లా తెరిచాడు. తర్వాత కుక్కతో అన్నాడు, "నువ్వు కూడా ఏం చూళ్ళేదు." రిజిస్టర్లో ఆ గంటకు ఇలా రాసుకున్నాడు: "బండి లేదు. గాలి కోసం గేటు తీయడమైనది."

శనివారం మిగతా పూటంతా చుట్టాల భోజనాలతోనే సరిపోయింది. ఆదివారం తెల్లవారుజామున ఇల్లు నిద్రలో ఉండగానే ఇద్దరూ బయలుదేరారు. పెరట్లో పెదనాన్నగారు మాత్రం అప్పటికే పళ్ళు తోముకుంటున్నారు. ఆఫీసు ముందు నుంచి పోతుంటే గేటుకు కొత్త బోర్డు కనబడింది. సంగతి విని, శనివారం సాయంత్రమే ఆవరణలో ఇరుక్కున్న మిగతా కార్ల వాళ్ళు తమ మీటర్లలో వేసుకోవడానికి తలా గుప్పెడు పసుపు బియ్యం పట్టుకొచ్చారట. బోర్డు మీద తడి ఆరని అక్షరాలు: "ఆవరణలోనికి అక్షింతలు, తలంబ్రాలు తేరాదు."

సముద్రం వైజయంతి అనుకున్నంత పెద్దగా లేదు. అంతకంటే చాలా పెద్దగా ఉంది. ఆమె కార్లోంచి దిగడం కూడా మర్చిపోయి, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఎండ నీళ్ళ మీదికి వచ్చాక గాని మాట రాలేదు.

"ఇది కూడా ఆగట్లేదండీ," అంది.

ఫణీంద్ర ఇంజను ఆపాడు. ముల్లు దిగివచ్చి నలభై దగ్గర నిలబడింది. వైజయంతి జడలోంచి పిన్ను తీసింది.

"సీలు వేసిన మీటరు వైజూ," అన్నాడు అతను, అలవాటు కొద్దీ.

"ఈ కారు ఎక్కడుందో ప్రభుత్వానికే తెలియదు. లేని కారు మీటర్లో పిన్ను పెడితే ఎవరికి నష్టం?"

మస్తాన్ చెప్పినట్టు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గింజ పెచ్చులోంచి జారి ఆమె ఒళ్ళో పడింది. ముల్లు చిన్న చప్పుడు చేసి సున్నాకు వాలింది. అయిదు రోజులుగా నడుస్తున్న కారు, మొదటిసారి ఆగింది.

ఫణీంద్ర ఆ గింజను రెండు వేళ్ళతో తీసి, ఆమె నెత్తిన వేశాడు. ఒక్కటే అక్షింత. ఆమె తల కదపకుండా కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత జుట్టులో వెతికి జాగ్రత్తగా తీసింది.

"పారెయ్ ఇంక. ఇంత గొడవ చేసింది," అన్నాడు.

"అయ్యో, పారేస్తారా ఎవరైనా?" ఆమె సంచీలోంచి కుంకుమ భరిణె తీసి, గింజను అందులో దాచి, మూత గట్టిగా నొక్కింది. "మీకు మళ్ళీ సెలవెప్పుడు?"

"పరీక్షలయ్యాక. అయిదు రోజులు. ఎందుకు?"

"ఇంట్లో అప్పటికీ పదకొండు మందీ ఉంటారు. ఆ వేపచెట్టు నీడ బాగుంది. కోటయ్య బాబాయ్ కూడా మంచివాడు." ఆమె సముద్రం వైపు చూస్తూ లెక్క వేసింది. "ఈసారి గింజను అరవై దగ్గర పెడదామండీ. ఇంకొంచెం దూరం వెళ్ళొచ్చు."